‘వన్ డాలర్’ అని చెయ్యి చాచినప్పుడు

విదేశీ ప్రయాణాల మీద ఈ శీర్షికకు మామూలుగా వీసాల గురించీ, శాకాహారం ఎక్కడ దొరుకుతుందనీ ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి చెన్నై పాఠకులు కొందరు వేరే సంగతి అడిగారు. వెళ్ళిన దేశంలో పేదరికం కళ్ళబడితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని. ఉత్తరాలు కుదించి వేస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: డిసెంబరులో పిల్లలతో కాంబోడియా వెళ్తున్నాం. అంగ్‌కోర్ వాట్ దగ్గర చిన్నపిల్లలు పోస్టుకార్డులు పట్టుకుని ‘వన్ డాలర్’ అంటూ వెంటపడతారట. కపాలీశ్వరుడి కోవెల ముందు చిల్లర వెయ్యందే చెప్పులు వేసుకోని వాళ్ళం. ఏమీ ఇవ్వకుండా ఎలా వచ్చేస్తాం? ఒక డాలరు నోట్లు ఎన్ని పెట్టుకోమంటారు? (కొళత్తూరు పాఠకురాలు)

ఒక డాలరు నోట్లు పాతిక ముప్పై పెట్టుకోండి. చిరుగు గానీ సిరా గీత గానీ ఉన్న నోటు అక్కడ తీసుకోరు కాబట్టి మనీ ఛేంజర్ దగ్గరే ఒక్కొక్కటీ తిప్పి చూసుకోండి. అయితే ఆ నోట్లు టుక్‌టుక్ డ్రైవరుకు, కొబ్బరిబోండాలు కొట్టే ఆవిడకు, హోటల్లో గది తుడిచే అమ్మాయికి. పిల్లలకు మాత్రం వద్దు.

ఎందుకంటే, ఎనిమిదేళ్ళ పిల్ల రోజుకు నాలుగు డాలర్లు తెస్తుంటే ఆ పిల్లను బడికి పంపడమంటే ఆ ఇంటికి రోజుకు నాలుగు డాలర్ల నష్టం. ఎంత చిన్నపిల్ల అయితే అంత జాలి, అంత అమ్మకం. పదమూడు పద్నాలుగు వచ్చేసరికి ముద్దు పోతుంది, అమ్మకం పోతుంది, చదువు ముందే పోయింది. ఆ తర్వాత చెల్లెలి వంతు. అంగ్‌కోర్ ఆలయాలను చూసుకునే అప్సర సంస్థ 2015లో సందర్శకులకు పెట్టిన నియమాల్లో ఇదొకటి: పిల్లల దగ్గర ఏమీ కొనకండి, డబ్బూ మిఠాయిలూ ఇవ్వకండి. అదే పోస్టుకార్డు పక్క కొట్లో పెద్దవాళ్ళు అమ్ముతుంటే నిక్షేపంగా కొనండి. బేరం కూడా అర డాలరు కోసం పావుగంట ఆడకండి.

అంగ్‌కోర్ పక్క ఊరు సియెమ్ రీప్. అక్కడి పబ్ స్ట్రీట్‌లో రాత్రిపూట ఇంకొకటి జరుగుతుంది. చంకలో బిడ్డతో ఒకావిడ వస్తుంది. డబ్బు వద్దే వద్దంటుంది, బిడ్డకు పాలపొడి డబ్బా కొనిపెడితే చాలంటుంది. ఏ కొట్లో కొనాలో ఆవిడే దారి చూపిస్తుంది. అక్కడ డబ్బా ధర మామూలు కన్నా ఎక్కువ. మీరు కొనిచ్చి, మనసు తేలికపడి, మలుపు తిరిగేసరికి ఆ డబ్బా మళ్ళీ అదే షెల్ఫులో ఉంటుంది. డబ్బు కొట్టువాడూ ఆవిడా పంచుకుంటారు. ‘సీలు చింపి ఇస్తే సరి కదా’ అని కొందరు సలహా ఇస్తారు. సీలు చింపితే డబ్బా వెనక్కి పోదేమో గానీ, రేపు రాత్రి కూడా ఆ బిడ్డ ఆ పొగలో, ఆ చప్పుడులో చంకన వేలాడుతూనే ఉంటుంది. బిడ్డ అక్కడ ఉంటేనే డబ్బు పుడుతోంది మరి.

ఇవ్వాలనిపిస్తే దారులున్నాయి. కాంతా బోఫా పిల్లల ఆసుపత్రులను స్విస్ డాక్టరు బేయాట్ రిచ్నర్ 1992 నుంచి నడిపారు. 2018లో ఆయన పోయాక కూడా వైద్యం ఉచితంగానే సాగుతోంది. అంగ్‌కోర్ ఒకరోజు టిక్కెట్టును 2017లో 20 నుంచి 37 డాలర్లకు పెంచినప్పుడు, ప్రతి టిక్కెట్టులో 2 డాలర్లు ఈ ఆసుపత్రులకే వెళ్ళేలా పెట్టారు. అంటే టిక్కెట్టు కొన్నప్పుడే మీ చెయ్యి కొంత పడింది. సియెమ్ రీప్‌లో వీళ్ళ ఆసుపత్రి గుడికి వెళ్ళే దారిలోనే ఉంది. రిచ్నర్ శనివారం రాత్రుల్లో సెల్లో వాయించి, పెద్దవాళ్ళను డబ్బూ కుర్రవాళ్ళను రక్తమూ అడిగేవారు. రక్తం ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇచ్చిన రోజు మాత్రం ఎండలో గోపురం మెట్లు ఎక్కకండి. సాయంత్రం ఫార్ సర్కస్ చూడండి. బట్టంబాంగ్‌లో 1994లో మొదలైన ఒక కళాపాఠశాలలో ఉచితంగా నేర్చుకున్న పేదింటి పిల్లలు, పెరిగి పెద్దయి జీతానికి చేసే ప్రదర్శన అది.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకు ఏటా ఇక్కడొక ఆశ్రమంలో పిల్లలకు భోజనాలు పెట్టిస్తాం. ఈసారి పుట్టినరోజు సియెమ్ రీప్‌లో వస్తోంది. అక్కడి అనాథాశ్రమంలో కేకు కోయించి పుస్తకాలు పంచవచ్చా? హోటల్ వాళ్ళే ఏర్పాటు చేస్తామంటున్నారు. (వేళచ్చేరి)

వద్దు. మీ ఉద్దేశం మంచిదే. వచ్చిన చిక్కల్లా ‘హోటల్ వాళ్ళే ఏర్పాటు చేస్తామంటున్నారు’ అన్న దగ్గరుంది. కోరినవాళ్ళకు కోరిన రోజున పిల్లలను చూపించే ఆశ్రమం, చూడటానికి వచ్చేవాళ్ళ మీద బతుకుతోందన్నమాట. కాంబోడియాలో 2005కూ 2010కీ మధ్య ఇలాంటి ఆశ్రమాలు విపరీతంగా పెరిగాయి. అనాథలు పెరిగి కాదు, పర్యాటకులు పెరిగి. వాటిలోని పిల్లల్లో సుమారు నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చెప్పింది. ‘ఇంగ్లీషు చదువు చెప్పిస్తాం, మూడు పూటలా అన్నం పెడతాం’ అని పల్లెల్లో తల్లిదండ్రులను ఒప్పించి తెచ్చిన పిల్లలు వాళ్ళు. నేపాల్లోనూ ఇదే కథ. ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ, పర్యాటకం వల్ల పిల్లలకు జరిగే హానిని ఆపాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019 డిసెంబరు తీర్మానంలో చేర్చవలసి వచ్చింది.

బాబు పుట్టినరోజు భోజనాన్ని యువకులకు వంట, వడ్డన నేర్పే శిక్షణ రెస్టారెంటులో పెట్టుకోండి. కాంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో రోమ్‌డెంగ్ అలాంటిదే. వీధిపిల్లల కోసం పనిచేసే ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ నడుపుతుంది. వియత్నాంలో హనోయి వెళ్ళేవాళ్ళకు 1999లో మొదలైన అలాంటి రెస్టారెంటే కోటో ఉంది.

అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేం: చెన్నైలో మీరు భోజనాలు పెట్టించే ఆశ్రమానికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఒకసారి కనుక్కోండి. పిల్లలను వరసలో నిలబెట్టి పాట పాడించకుండా, సరుకులు వంటింట్లో దింపి వచ్చేస్తే చాలు.

ప్రశ్న: మేం ఆఫీసు మిత్రులం ఆరుగురం ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కు వెళ్తున్నాం. మా సామాన్లు మోసేవాళ్ళ ఫోటోలు చూస్తే కడుపులో దేవినట్టవుతోంది. పోర్టరును పెట్టుకోకుండా మేమే మోసుకుంటే మంచిది కదా? (షోళింగనల్లూరు)

అలా చేస్తే ఆ సీజన్‌కు అతని కూలి పోతుంది, అంతే. పెట్టుకోండి, కానీ బరువు మీరు కాపలా కాయండి. పోర్టర్ల రక్షణ కోసం 1997లో ఏర్పడిన అంతర్జాతీయ బృందం, మనిషి మోసే బరువు నేపాల్లో 30 కిలోలు, పెరూ, పాకిస్తాన్‌లలో 25, కిలిమంజారో మీద 20 దాటకూడదంటుంది. నేపాల్లో మామూలుగా ఇద్దరు ట్రెక్కర్లకు ఒక పోర్టరు. మీ డఫెల్ బ్యాగులు చెరొక 12 కిలోలైతే 24, అతని సొంత దుప్పటీ బట్టలూ 4, 5 కిలోలు. అప్పటికే 29 అయింది. మీరు చెరొక 15 కట్టారంటే 35. ఇక్కడే అందరూ లెక్క తప్పుతారు, పోర్టరుకూ సొంత సామాను ఉంటుందని మరిచిపోయి. సూట్‌కేసుకు తగిలించే చిన్న త్రాసు పట్టుకెళ్ళి లుక్లాలో మొదటి ఉదయం తూచండి. నామ్‌చే బజారులో మళ్ళీ తూచండి, ఎందుకంటే దారిలో బరువు చేరుతుంది. ‘నాలుగు వాటర్ బాటిళ్ళే కదా’ అంటూ కట్టించేది మనవాళ్ళే.

ఆ తర్వాత బట్టలు చూడండి. లుక్లా 2,860 మీటర్లు, బేస్ క్యాంప్ 5,364. పోర్టర్లందరూ షెర్పాలే అనుకుంటాం. చాలామంది కింది కొండల నుంచి వచ్చే రాయి, తమాంగ్, మగర్ కుర్రాళ్ళు. పల్చటి గాలి మీకెంత కొత్తో వాళ్ళకూ అంతే, పైగా వీపు మీద బరువు. అతని కాళ్ళకు ఉన్నది బూటా, క్రికెట్ ఆడే కాన్వాసు జోడా? చేతి తొడుగులు, గాలి ఆగే జాకెట్టు, మంచు మీద ఎండకు కళ్ళు పోకుండా నల్ల కళ్ళద్దాలు ఉన్నాయా? రాత్రి పడుకునేది ఎక్కడ? లాడ్జి భోజనాల గది బెంచీ మీదే అయితే, దుప్పటి ఎవరిస్తారు? ఇవన్నీ డబ్బు కట్టకముందు ఏజెన్సీకి మెయిల్లో రాసి అడగండి. పోర్టరు బీమా కాగితం పంపమనండి. పంపడానికి నసిగే ఏజెన్సీని వదిలెయ్యండి.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇది: పోర్టరుకు తలనొప్పి, వాంతులు మొదలైతే లెక్క చూసి కూలిచ్చి ‘కిందికి వెళ్ళిపో’ అనడం. ఎత్తు జబ్బుతో ఒంటరిగా దిగేవాళ్ళు దారిలోనే చనిపోవచ్చు. అతని భాష వచ్చిన మనిషిని తోడిచ్చి, జబ్బు వివరం చీటీ మీద రాసి, వైద్యానికి సరిపడే డబ్బిచ్చి పంపాలి. ట్రెక్‌లో ఎవరైనా పోర్టరు కనబడకపోతే గైడును అడగండి, ఎక్కడికి పోయాడని.

బక్షీసు చివరి సాయంత్రం అందరి ముందూ ఎవరి చేతికి వారికి ఇవ్వండి. ఒకే కవరు గైడు చేతిలో పెడితే కింది మనిషికి ఎంత చేరుతుందో మీకు తెలియదు. నేపాలీ రూపాయల్లో ఇస్తే అతనికి మార్చుకునే బాధ ఉండదు (మన రూపాయికి 1.60). మీ జాకెట్టు ఇచ్చెయ్యాలనిపిస్తే కాట్మండులో కీప్ అనే సంస్థ పోర్టర్ల బట్టల బ్యాంకు నడుపుతోంది, అక్కడ ఇవ్వండి. ట్రెక్‌కు వెళ్ళే పోర్టర్లు అరువు తీసుకుని, వచ్చాక తిరిగిస్తారు. ఒక్క జాకెట్టు ఎన్నో వీపులకు పనికొస్తుంది.

ప్రశ్న: రిటైర్డు టీచరును. ఆఫ్రికా సఫారీకి వెళ్తూ, ఉతికి ఇస్త్రీ చేసిన పాత బట్టలు, మిగిలిన మందులు, పెన్నులు ఒక సూట్‌కేసు నిండా పట్టుకెళ్దామనుకుంటున్నాను. (పెరంబూరు)

మేష్టారూ, 2004 సునామీ తర్వాత నాగపట్నం రోడ్ల పక్కన వాననీళ్ళలో నానిన పాత బట్టల గుట్టలు మీకు గుర్తుండే ఉంటాయి. కెన్యా, టాంజానియాల్లో పాత బట్టలకు మిటుంబా అని పేరు, పెద్ద బజారే ఉంది. బేళ్ళకు బేళ్ళు దిగి తమ కుట్టు పరిశ్రమ దెబ్బతింటోందని రువాండా 2016లో వాటి మీద సుంకం బాగా పెంచింది. అక్కడ కరువు బట్టలకు లేదు.

మందులు అసలే వద్దు. దానంగా పంపే మందుకు చేరేనాటికి కనీసం ఏడాది గడువుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. సగం వాడిన స్ట్రిప్పు, తమిళ చీటీ అతికించిన సీసా అక్కడి నర్సుకు పారబొయ్యాల్సిన చెత్త.

పెన్నులు జీపు కిటికీలోంచి పంచితే పిల్లలు జీపుల వెంట పరిగెత్తడం నేర్చుకుంటారు. ప్యాక్ ఫర్ ఎ పర్పస్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో మీరు దిగే లాడ్జి పేరు ఉందేమో వెతకండి. ఆ లాడ్జి సాయం చేసే బడికీ ఆసుపత్రికీ ఏం కావాలో జాబితా ఉంటుంది: బ్లడ్ ప్రెజర్ మిషను, ఫుట్‌బాలు గాలి పంపు, జామెట్రీ బాక్సులు. రెండు, రెండున్నర కిలోలు చాలు. కాగితం, నోటు పుస్తకాలు అక్కడి అంగట్లోనే కొని హెడ్‌మాస్టరు చేతికి ఇవ్వండి. ఎవరికి లేవో ఆయనకు తెలుసు. లావోస్ వెళ్ళేవారు లువాంగ్ ప్రబాంగ్‌లో బిగ్ బ్రదర్ మౌస్ అచ్చువేసిన పిల్లల పుస్తకాలు కొనిస్తే ఇంకా మేలు. అక్కడే కూర్చుని కుర్రాళ్ళతో గంటసేపు ఇంగ్లీషు మాట్లాడవచ్చు కూడా. మీకది చేతనైన పని.

ప్రశ్న: దుబాయ్‌లో ఒక మాల్‌లో నేల తుడిచే అబ్బాయి తెలుగువాడు, జగిత్యాల వైపు. మా మాటలు విని దగ్గరికొచ్చి నాలుగు నెలలుగా జీతం రాలేదన్నాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుందట. మా బంధువుల గ్రూపులో వసూలు చేసి పంపుదామనుకుంటున్నాం. (అంబత్తూరు)

మీ చేత్తో మీరు వంద దిర్హాములు ఇవ్వడం వేరు, నలుగురి దగ్గర వసూలు చెయ్యడం వేరు. ఎమిరేట్స్‌లో లైసెన్సు లేకుండా విరాళాలు పోగుచెయ్యడం నేరం, వాట్సాప్‌లో అయినా సరే. అక్కడ ఉన్న బంధువును ఇందులోకి లాగకండి. కంపెనీ పేరుతో ఫేస్‌బుక్‌లో పోస్టూ పెట్టకండి. పరువునష్టం కేసు ముందు ఆ అబ్బాయి మీదికే వస్తుంది.

అతనికి కావలసింది చందా కన్నా జీతం. పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, ఏ నెల నుంచి రాలేదో, బ్యాంకు మెసేజీల స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోమనండి. ఆ దేశంలో జీతాలు 2009 నుంచి బ్యాంకు ద్వారా ఒక ప్రభుత్వ వ్యవస్థలో నమోదవుతూ పడాలి. కాబట్టి పడని నెల దాచినా దాగదు. కార్మిక శాఖ ఫిర్యాదు నంబరు 80084. భారత కాన్సులేట్ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ 800 46342. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టానికీ విరుద్ధమే. ఇక్కడి నుంచి అతని ఇంటివాళ్ళు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. మీరు చెయ్యగల అసలు సాయం ఆ ఫారం నింపిపెట్టడం. దిక్కులేకుండా చిక్కుకున్నవారి టిక్కెట్టుకు, వసతికి రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి ఒక సంక్షేమ నిధి ఉంది. అతను ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో (విదేశంలో పనికి వెళ్ళేందుకు మన ప్రభుత్వమిచ్చే అనుమతి) వెళ్ళిన కూలీ అయితే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా కట్టే ఉంటాడు: రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో పోతే 10 లక్షలు. చాలా ఇళ్ళలో ఆ కాగితం ఉందని కూడా తెలియదు.

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాం. అమెరికాలో కూడా పేవ్‌మెంటు మీద మనుషులు పడుకుని ఉంటారట, నిజమేనా? (మడిపాక్కం)

నిజమే. కదలకుండా, పిలిచినా పలక్కుండా ఉన్న మనిషి కనిపిస్తే 911. చలికి ఇబ్బంది పడుతున్నట్టుంటే అక్కడి నగరపాలక సహాయ నంబరు 311కు ఫోను చేసి వీధి పేరు చెప్పమని అమ్మాయికి చెప్పండి. తిన్నాక మిగిలిన డబ్బా ఇవ్వకండి. తినేముందే రెండు కొని ఒకటి అడిగి ఇవ్వండి. కొత్త మేజోళ్ళు ఎప్పుడూ పనికొస్తాయి. స్ట్రీట్ షీట్ అనే పత్రికను ఇల్లు లేనివాళ్ళే అమ్ముతారు, డబ్బు అమ్మినవాళ్ళదే. ఒకటి కొనండి.

ప్రశ్న: థాయ్‌లాండ్‌లో రాత్రి పదకొండింటికి పూలదండలు అమ్మే ఆరేళ్ళ పిల్లను చూసి ఫోటో తీశాను. నలుగురికీ తెలిసేలా పెడదామని. (టి.నగర్)

ఆ ఫోటో తుడిచెయ్యండి. ముఖం, చోటు రెండూ బయటపడితే ఆ పిల్ల ఎక్కడ దొరుకుతుందో ఎవరికి తెలియకూడదో వాళ్ళకు కూడా తెలుస్తుంది. థాయ్‌లాండ్‌లో సామాజిక సహాయం నంబరు 1300, టూరిస్టు పోలీసు 1155. వియత్నాంలో పిల్లల హెల్ప్‌లైన్ 111, కాంబోడియాలో 1280, శ్రీలంకలో 1929, నేపాల్లో మనలాగే 1098. ఫోనులో చెప్పాల్సినవి: ఏ వీధి, ఏ కొట్టు ముందు, ఎన్ని గంటలకు, పక్కన పెద్దవాళ్ళు ఎవరున్నారు. పిల్లను మీరే ప్రశ్నలు వేసి విసిగించకండి, చెయ్యి పట్టుకుని ఎక్కడికీ తీసుకెళ్ళకండి.

ప్రశ్న: తిరిగొచ్చాక అక్కడి ఆసుపత్రికి 20,000 రూపాయలు పంపాలంటే? (అడయారు)

మొదట ఆ సంస్థ ఎక్కడ రిజిస్టరైందో చూడండి. బ్రిటన్‌లో అయితే ఛారిటీ కమిషన్ రిజిస్టరులో, అమెరికాలో అయితే పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే లెక్కలు కనిపిస్తాయి. లెక్కలు దొరకని చోటికి పంపకండి, ఫోటోలు ఎంత బాగున్నా.

బ్యాంకు ద్వారా విరాళం పంపడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది, ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల లోపు. పాన్, విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఏ2 ఫారం కావాలి. కానీ 20,000 లాంటి చిన్న మొత్తానికి మన బ్యాంకు ఛార్జీ ఒకటి, మధ్యలో ఇంకో బ్యాంకు కోత ఒకటి తగులుతాయి. సంస్థ వెబ్‌సైట్‌లో క్రెడిట్ కార్డుతో కడితే సాధారణంగా రెండు నుంచి మూడున్నర శాతం మార్కప్, దాని మీద జీఎస్‌టీతో పోతుంది. యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, కట్టగానే ఆఫ్ చెయ్యండి. నేపాల్‌కు దారి వేరు: మన బ్యాంకు ఖాతా నుంచి నెఫ్ట్ పద్ధతిలోనే ఒకసారికి 2 లక్షల వరకు రూపాయల్లో పంపవచ్చు.

విదేశీ సంస్థకు ఇచ్చినదానికి, ఆదాయపు పన్నులో విరాళాలకిచ్చే 80జి మినహాయింపు రాదు. మినహాయింపు కావాలనుకుంటే ఇక్కడ రిజిస్టరైన సంస్థకు, పాత పన్ను విధానంలో ఉంటేనే, 2,000 దాటితే నగదు కాకుండా ఇవ్వాలి. ఏదైనా ఫలానా మంచానికి, ఫలానా పిల్లకు అని షరతు పెట్టకండి. ఆసుపత్రికి ఎక్కువగా తక్కువపడేది కరెంటు బిల్లుకూ నర్సుల జీతానికీ.